తెలుగు కీక్యాప్‌లు చేయిస్తే ‘ఠ’ కుంకుమబొట్టయి వచ్చింది. తప్పు ఫైలుదా, ప్రింటుదా?

కంపోజింగ్ బాబాయ్ (తెనాలి)

నమస్కారమండీ. ఈ కీబోర్డుల ఫోరంలో ఎక్కువమంది స్విచ్‌ల చప్పుడు గురించి, వాటికి పూసే గ్రీజు గురించి మాట్లాడుకుంటున్నారు. నాకు అవేవీ తెలియవు. నా బాధంతా అక్షరాలతోనే.

తెనాలిలో నాకో డీటీపీ సెంటరుంది. శుభలేఖలు, కరపత్రాలు, కోచింగ్ సెంటర్ల మెటీరియలు, ఏడాదికి ఒకటో రెండో కవితా సంపుటాలు (డబ్బులు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చేది వీటికే). ఇరవై రెండేళ్లుగా ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో, ‘ఆపిల్’ అనే కీల అమరికతో కొడుతున్నాను. ‘ళ’ ఎక్కడుందని అడిగితే చెప్పలేను, వేలు వెళ్లిపోతుంది అంతే. ఇప్పుడు వచ్చే పనిలో సగం యూనికోడ్‌లో కావాలంటున్నారు. అనులో కొట్టి కన్వర్టర్‌లో వేస్తే ఎక్కడో ఒక వత్తు ఎగిరిపోతుంది, ప్రూఫు దిద్దేసరికి రెండోసారి కొట్టినంత పని. అందుకే షాపులో కొత్తగా చేరిన అమ్మాయికి మొదట్నుంచీ యూనికోడ్ కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీల అమరిక నేర్పిద్దామనుకున్నాను. నేనూ తనతో పాటే నేర్చుకుంటున్నాను. తను నాకంటే నాలుగు పాఠాలు ముందుంది.

మొదట కీల మీద తెలుగు స్టిక్కర్లు అంటించాం. మే నెల వచ్చింది, మా షాపులో ఏసీ లేదు. జిగురు కరిగి స్టిక్కర్లు జరగడం మొదలుపెట్టాయి. ‘ప’ కాస్తా పక్కనున్న ‘ర’ ఇంటికి వెళ్లి కూర్చుంది. మా మేనల్లుడు వచ్చి చూసి నవ్వి, తను వాడని మెకానికల్ కీబోర్డు ఒకటి తెచ్చిచ్చాడు. “మామయ్యా, దీని మూతలు ఊడొస్తాయి, తెలుగువి చేయించుకో” అన్నాడు. ఆన్‌లైన్‌లో వెతికితే ఏ భాషలోనైనా ప్రింటు చేసిస్తామనే షాపొకటి దొరికింది. 3,400 రూపాయలు కట్టాను. మూడు వారాలకి పార్సిలు వచ్చింది. లేత గోధుమరంగు కీక్యాప్‌లు, పట్టుకుంటే గరుగ్గా, దళసరిగా ఉన్నాయి. ప్రతి కీ మీదా ఎడమ పైన ఇంగ్లీషు, కుడి కింద తెలుగు నలుపులో, కుడి పైన షిఫ్ట్‌తో వచ్చే అక్షరం ఎరుపులో.

అన్నీ బిగించి రెండడుగులు వెనక్కి జరిగి చూస్తే పెళ్లిపందిరిలా ఉంది. ఆనందం అంతవరకే. ఆఫ్‌సెట్ పని చూసుకునే రోజుల నుంచీ నా డ్రాయరులో ఒక లూప్ (ప్రింటు చూసుకునే చిన్న భూతద్దం) ఉంటుంది. అది పెట్టి చూశాను.

మొదట కంటపడింది ‘ఠ’. గుండ్రం లోపల చుక్క, దాని చుట్టూ ఖాళీ ఉండాలి కదా. ఆ ఖాళీ మొత్తం పూడిపోయి, ఎర్రగా నిండుగా కుంకుమబొట్టులా ఉంది, నెత్తిన తలకట్టు. తర్వాత ‘థ’. లోపలి చుక్క పై గీతలో కలిసిపోయి అచ్చం ‘ధ’ అయింది. అంటే నా కీబోర్డులో ఇప్పుడు రెండు ‘ధ’లు, ‘ద’ కీ మీద ఒకటి, ‘త’ కీ మీద ఒకటి. ఇప్పటికే సగం జనం ‘కథ’ని ‘కధ’ అని రాస్తున్నారు, ఇక కీబోర్డే అలా చెబితే ఎవరినేమంటాం!

అంకెల వరస ఇంకో వింత. 5, 6, 7, 8 కీల మీద షిఫ్ట్‌తో జ్ఞ, త్ర, క్ష, శ్ర రావాలి. నాకొచ్చినవి జ్‌ఞ, త్‌ర, క్‌ష, శ్‌ర. విడివిడిగా, పొల్లులతో సహా. గుణింతం గుర్తులున్న కీల్లో కొన్నింటి మీద చుక్కలతో గీసిన సున్నా ఒకటి అదనంగా పడింది, కొన్నింటి మీద లేదు. మా షాపు అమ్మాయి పొద్దున్నే “సార్, ఈ చుక్కల సున్నా ఎప్పుడు కొట్టాలి?” అనడిగింది. జవాబు చెప్పలేక టీ తాగడానికి వెళ్లాను.

పైగా అక్షరాలు వరసలో లేవు. మ, న, వ పక్కపక్క కీలు. ‘మ’ నిటారుగా ఉంది, ‘న’ ఒరిగింది, ‘వ’ అంచు దాకా జారింది.

షాపువాళ్లకి ఫొటోలు పంపితే “సార్, తెలుగు లిపి కాంప్లికేటెడ్ కదా, ఇది నార్మల్. కస్టమ్ ఆర్డర్‌కి రిటర్న్ ఉండదు” అన్నారు. తెలుగు లిపి కాంప్లికేటెడ్ అని నాకు చెబుతున్నారు!

నా ప్రశ్నలు మూడే. ఇందులో ఏ తప్పు ఫైలుది, ఏ తప్పు ప్రింటుది? మళ్లీ చేయించాలంటే ఏ రకం ప్రింటు అడగాలి? అసలు ఇంత చిన్న మూత మీద మన అక్షరాలు శుభ్రంగా పడతాయా, పడవా?

నాలుగో వరస (హైదరాబాద్)

బాబాయ్ గారూ, మీ పోస్టు మా ఆఫీసులో ఇద్దరికి చదివి వినిపించాను. ముందు మీ దగ్గరున్నది ఏ రకం ప్రింటో తేల్చుకుందాం, తిట్లు తర్వాత.

కీక్యాప్‌ల మీద అక్షరం వేసే పద్ధతులు ప్రధానంగా నాలుగైదున్నాయి. చవగ్గా ఉండేది ప్యాడ్ ప్రింటింగ్. సిలికాన్ దిండుతో ఇంకు అద్దుతారు, పైపైనే ఉంటుంది కాబట్టి చెమటకి, గోళ్లకి అరిగిపోతుంది. యూవీ ప్రింటు కూడా పైపైదే, గోరుతో తడిమితే కాస్త ఎత్తుగా తెలుస్తుంది. లేజరు ప్లాస్టిక్‌ని కాల్చి గుర్తు పెడుతుంది, ఎరుపు నలుపు అంటూ రంగులు ఎంచుకునే వీలుండదు. డబుల్‌షాట్ అంటే అక్షరం ఒక ప్లాస్టిక్, చుట్టూ మూత ఇంకో ప్లాస్టిక్, రెండూ కలిపి అచ్చు పోస్తారు. అరిగినా అక్షరం పోదు. కానీ ప్రతి అక్షరానికీ వేరే అచ్చు కావాలి. జపనీస్, కొరియన్, రష్యన్ అక్షరాలకి ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది. మన యాభై మంది కోసం ఎవరూ అచ్చులు చెక్కరు.

మిగిలింది డై సబ్లిమేషన్, వాడుకలో డై సబ్. ఫొటోలు వేసిన కాఫీ మగ్గులు చూసుంటారు కదా, అదే పద్ధతి. సుమారు 200 డిగ్రీల దగ్గర రంగు ఆవిరై ప్లాస్టిక్ లోపలికి ఇంకుతుంది. ఇంకింది కాబట్టి చెరగదు. ఇంకుతుంది కాబట్టే పక్కకి కూడా పాకుతుంది. వేడి ఎక్కువైనా, ఎక్కువసేపు ఉంచినా, రంగు ఉన్న ఫిల్ము కదిలినా మీ ‘ఠ’ గతే. ఈ వేడిని ఏబీఎస్ ప్లాస్టిక్ తట్టుకోలేదు, 105 డిగ్రీల చుట్టుపక్కలకే మెత్తబడుతుంది. అందుకే డై సబ్‌కి పీబీటీ అనే ఇంకో ప్లాస్టిక్ వాడతారు, అది కరిగేది 220 దాటాకే.

మీది గరుగ్గా, దళసరిగా ఉందన్నారు, లేత రంగు మీద ముదురు అక్షరం అన్నారు. డై సబ్బే అయ్యుండాలి. ఒక పరీక్ష చెయ్యండి. గ్లాసు నీళ్లలో నాలుగైదు చెంచాల ఉప్పు గట్టిగా కలపండి. కీక్యాప్‌ని నోరు పైకి పెట్టి, లోపల గాలి బుడగలు లేకుండా తట్టి వదలండి. ఏబీఎస్ తేలుతుంది, పీబీటీ మునుగుతుంది. మామూలు నీళ్లలో రెండూ మునుగుతాయి కాబట్టి ఉప్పు దగ్గర పిసినారితనం వద్దు. గోరు పరీక్ష కూడా చెయ్యండి. నెయిల్ పాలిష్ తీసే ద్రవంతో మాత్రం తుడవకండి, అందులో అసిటోన్ ఉంటే ఏబీఎస్ కరిగి చేతికంటుకుంటుంది. నాకెలా తెలుసని అడగొద్దు.

ఖాళీ కీ

అసలు కీల మీద అక్షరాలెందుకండీ? విండోస్‌లో ఆన్‌స్క్రీన్ కీబోర్డు తెరిచి తెలుగు ఎంచుకుంటే అన్నీ తెర మీదే కనిపిస్తాయి, షిఫ్ట్ నొక్కితే రెండో వరస కూడా. అది చూస్తూ నేర్చుకుంటే నెలలో కళ్లు కిందికి దిగడం మానేస్తాయి. నేను అక్షరాల్లేని కీలే వాడుతున్నా. చూసి కొట్టడం అలవాటైతే స్పీడు రాదు. మీరే చెప్పారు కదా, ‘ళ’ ఎక్కడుందో తెలియకుండా ఇరవై రెండేళ్లు కొట్టానని.

కంపోజింగ్ బాబాయ్ (తెనాలి)

ఖాళీ కీ గారూ, మీరన్నది నిజమే. కానీ మా షాపులో మానిటరు సగం పేజ్‌మేకరు, సగం కస్టమరు తెచ్చిన స్కానింగు. ఇంక తెర మీద కీబోర్డుకి చోటెక్కడిది. పైగా షాపుకి వచ్చి తన కవిత తనే కొట్టుకుంటాననే రిటైర్డ్ మేష్టార్లు ఇద్దరున్నారు. వాళ్లకి అక్షరం కళ్లకి కనబడాలి.

ఫాంటు పురుగు (డాలస్)

మీరు చెప్పిన వాటిలో కనీసం రెండు ప్రింటు తప్పులు కావు. అవి ప్రింటు దాకా వెళ్లకముందే జరిగాయి.

క్‌ష అని విడిపోవడం: యూనికోడ్‌లో ‘క్ష’ అనేది క, పొల్లు, ష అనే మూడు గుర్తుల వరస. వాటిని కలిపి ఒక ఆకారంగా మార్చే పని సాఫ్ట్‌వేర్‌ది. డిజైను చేసినవాళ్లు వాడిన ప్రోగ్రాములో భారతీయ లిపుల సెట్టింగు ఆన్‌లో లేకపోతే ఆ కలపడం జరగదు. ఇన్‌డిజైన్ అనే పేజీల డిజైను ప్రోగ్రాములో అయితే వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు ఎంచుకోవాలి. చేసినవాళ్లకి తెలుగు రాదు కాబట్టి తేడా కనబడలేదు. వాళ్లకి క్‌ష కూడా అందంగానే ఉండి ఉంటుంది.

చుక్కల సున్నా: గుణింతపు గుర్తు ఏదో ఒక హల్లు మీద వాలాలి. హల్లు లేకుండా ఒంటరిగా కొడితే, ఇక్కడ హల్లు ఉండాలి అని చెప్పడానికి ఆ సున్నాని సాఫ్ట్‌వేరే తెచ్చి పెడుతుంది. లేఅవుట్ పటాల్లో కావాలనే అలా చూపిస్తారు. మీకు కొన్నిటికి వచ్చి కొన్నిటికి రాలేదంటే, కొన్ని అక్షరాలు ఒక చోట నుంచి, కొన్ని ఇంకో చోట నుంచి కాపీ చేసి అతికించారన్నమాట. సున్నా వద్దనుకుంటే గుర్తుకి ముందు నో బ్రేక్ స్పేస్ అనే ఖాళీ గుర్తు పెడితే చాలు.

ఇంకో మాట. ఏ ఫాంటు వాడారో ఒక ఫొటో పెట్టగలరా? ‘ష’ లోపలి ముడి దగ్గరగా తీయండి. నాకో అనుమానం ఉంది. శీర్షికల కోసం చేసిన లావు ఫాంటు వాడి ఉంటారు. రామభద్ర లాంటివి పోస్టరు మీద బ్రహ్మాండంగా ఉంటాయి. నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుకి దించితే లోపల గాలి ఆడదు.

మళ్లీ చేయిస్తే మాత్రం టెక్స్టు పంపకండి. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాములో కొట్టండి, ఉచితం, అందులో తెలుగు వత్తులు వాటంతటవే సరిగ్గా కలుస్తాయి. తర్వాత ప్రతి అక్షరాన్నీ కర్వ్స్‌గా, అంటే ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మగా మార్చి పంపండి. ఇక అవతలివాళ్ల కంప్యూటరులో తెలుగు ఫాంటు ఉన్నా లేకపోయినా ఒకటే.

కంపోజింగ్ బాబాయ్ (తెనాలి)

అయ్యా, కర్వ్స్ సంగతి నాకు తెలియనిది కాదు. ఫ్లెక్సీకి ఫైలు పంపేటప్పుడు రోజూ చేసే పనే. ఇక్కడ ఎందుకు చెయ్యలేదో చివర్లో చెబుతాను, సిగ్గుపడే విషయం.

ముందు ఉప్పునీళ్ల ఫలితం. మా ఆవిడ వంటింట్లోకి రానివ్వలేదు, షాపులోనే స్టీలు గ్లాసులో చేశాం. అక్షరాల కీలన్నీ టపటపా మునిగాయి. స్పేస్‌బారు మాత్రం తేలింది! రెండుసార్లు చేశాం, రెండుసార్లూ తేలింది. గోరుకి ఏ కీ మీదా ఎత్తు తగల్లేదు. కాబట్టి నాలుగో వరస గారు చెప్పినట్టు డై సబ్బే.

లూప్‌లో ఇంకో సంగతి చూశాను. ఎరుపు అక్షరాల అంచు గులాబీ రంగులో మసకగా ఉంది. నలుపు కూడా నిజమైన నలుపు కాదు, అంచున నీలం చాయ కనిపిస్తోంది. ఇది మా పనిలో పాత జబ్బే. నల్ల అక్షరాన్ని నాలుగు రంగులూ కలిపి వేస్తే ఇలాగే ఉంటుంది. ఒకసారి పదో తరగతి గైడు మొత్తం ఇలా వేయించి పిల్లల కళ్లు పాడుచేసిన పాపం నాకుంది.

ఫాంటు పురుగు గారూ, ఫొటో పెట్టాను చూడండి. ‘ష’ లోపలి ముడి లేదు. ‘ప’కి కడుపునొప్పి వచ్చినట్టుంది.

ఇక సిగ్గుపడే విషయం. వాళ్లు ప్రింటుకి ముందు నాకు ప్రూఫు పంపారు. వాట్సాప్‌లో, జేపెగ్. ఆ రోజు నేను గుంటూరు బస్సులో నిలబడి ఉన్నాను. ఫోన్‌లో చూసి, బొటనవేలు బొమ్మ పంపి జేబులో పెట్టేసుకున్నాను. నిన్న రాత్రి ఆ ప్రూఫు తీసి పెద్దది చేసి చూస్తే, క్‌ష అలాగే విడిపోయి ఉంది, చుక్కల సున్నాలు వరసగా కూర్చుని ఉన్నాయి. మా షాపులో గోడ మీద ఎర్ర అక్షరాలతో బోర్డుంది: “ప్రూఫు చూసి సంతకం పెట్టిన తర్వాత తప్పులకు మా బాధ్యత లేదు”. ఎంతమంది పెళ్లికూతుళ్ల తండ్రులకి ఆ బోర్డు చూపించానో లెక్కలేదు.

కాబట్టి క్‌ష, చుక్కల సున్నా నా పద్దులో వేసుకుంటున్నాను. ‘ఠ’ మాత్రం ప్రూఫులో శుభ్రంగా ఉంది. అక్షరాలు వరసలోనూ ఉన్నాయి. అవి వాళ్ల పద్దు.

నాలుగో వరస (హైదరాబాద్)

స్పేస్‌బారు తేలడంలో మోసం ఏమీ లేదు బాబాయ్ గారూ. పీబీటీ అచ్చులో పోశాక చల్లారేటప్పుడు ఎక్కువ కుంచించుకుపోతుంది, పొడవాటి ముక్క అరటికాయలా వంగుతుంది. అందుకని కొందరు మిగతా కీలు పీబీటీ చేసి, స్పేస్‌బారు ఒక్కటీ ఏబీఎస్‌ది పెడతారు. రెండేళ్లలో అది మీ బొటనవేలు కింద నున్నగా మెరుస్తుంది, మిగతావి ఇంకా గరుగ్గానే ఉంటాయి.

షాపువాళ్లతో మాట్లాడేటప్పుడు మీరు విడదీసిన పద్దు అలాగే చెప్పండి. ప్రూఫులో బాగుండి కీ మీద పాడైనవి ఇవీ అని ప్రూఫు ఫొటో, కీ ఫొటో పక్కపక్కన పెట్టి పంపండి. కస్టమ్ ఆర్డరైతే నచ్చలేదని వెనక్కివ్వడం కుదరకపోవచ్చు, కానీ ఒప్పుకున్న ప్రూఫుకీ వచ్చిన సరుక్కీ తేడా ఉంటే అది లోపమే. మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

బాలానగర్ బటన్లు

అన్నా, నేను బాలానగర్‌లో చిన్న యూనిట్ నడుపుతా. స్విచ్చుబోర్డుల మీద, మిక్సీ బటన్ల మీద ప్యాడ్ ప్రింటింగ్, మగ్గులు, మెమెంటోల మీద సబ్లిమేషన్. కీబోర్డుల పని ఎప్పుడూ చెయ్యలే. కానీ మీ ఫొటో చూడంగనే అర్థమైంది.

కీ పైభాగం బల్లపరుపుగా ఉండదు, వేలు కూర్చునేటట్టు గుంటగా ఉంటుంది. ఫిల్ము ఆ గుంటలో అతుక్కోవాలి, అంచు దగ్గర మళ్లీ వంగాలి. నడుమ బాగా అతుక్కుంటుంది, మూలల్లో లాగేసుకుంటుంది. మీ ఎర్ర అక్షరాలన్నీ కుడి పై మూలలోనే పెట్టిండ్రు. అన్నిటికంటే చిన్న అక్షరం, అన్నిటికంటే కష్టమైన చోట. అక్కడ ‘ఠ’ పెడితే మరి బొట్టే అయితది.

లెక్క వేసి చూడండి. ‘థ’ లోపల చుక్కకీ గీతకీ నడుమ ఖాళీ 0.4 మిల్లీమీటర్లు ఉందనుకోండి. రంగు అటు నుంచి 0.2, ఇటు నుంచి 0.2 పాకితే అయిపోయింది. ఇంగ్లీషులో ‘ఎల్’కి, ‘టీ’కి లోపల ఖాళీయే లేదు, ఎంత పాకినా చదవొచ్చు. అందుకని ఆ షాపువాళ్ల మిషను ఇంగ్లీషుకి బాగనే చేస్తుండొచ్చు. అదే సెట్టింగుతో తెలుగు కొట్టిండ్రు.

వరస తప్పడం వేరే కథ. కీలు ట్రేలో గట్టిగా కూర్చోలే. ట్రేలో వదులు ఉంటే ఒక్కో కీ ఒక్కో దిక్కు తిరుగుతది. అది పూర్తిగా వాళ్లదే.

నన్నడిగితే మూడు మార్చండి. ఇంగ్లీషు అక్షరం తీసెయ్యండి, ఆ అమ్మాయికి ఇంగ్లీషు కీలు ఎట్లాగూ తెలుసు. మొత్తం చోటు రెండు తెలుగు అక్షరాలకే ఇవ్వండి, ఎడమ కింద మామూలుది, కుడి పైన షిఫ్ట్‌ది, రెండూ మూల నుంచి లోపలికి జరిపి. ఎరుపు వద్దు, రెండూ ఒకే నలుపు. షిఫ్ట్‌ది పైన ఉంటుందని రెండు రోజుల్లో అలవాటైతది. కీ ముందు పక్కన, మన వైపు కనబడే గోడ మీద కూడా వెయ్యొచ్చు గానీ దానికి వేరే ఫిక్చరు (కీలని పట్టి ఉంచే ట్రే) కావాలి, రేటు పెరుగుతది.

ప్రూఫు ఫోన్‌లో చూడకండి. లేజర్ ప్రింటరులో అసలు సైజుకి తీసి, కత్తిరించి కీ మీద పెట్టి, కుర్చీలో కూర్చుని చూడండి. మీకే తెలుస్తుంది. ఈ ముక్క మీకు నేను చెప్పాల్నా అన్నా!

ఫాంటు పురుగు (డాలస్)

బటన్లు అన్న చెప్పినదానికి ఒక్కటే కలుపుతాను. ఫాంటు సన్నదీ వద్దు, లావుదీ వద్దు. చదివే మ్యాటరుకి వాడే మండలి లాంటిది తీసుకుని, కర్వ్స్ చేశాక ఠ, థ, ష, ఘ లాంటి నాలుగైదు అక్షరాల్లో లోపలి ఖాళీని చేత్తో కొంచెం పెంచండి. చుక్క చిన్నదయినా ఫరవాలేదు, దాని చుట్టూ ఖాళీ మిగలాలి. రంగు పాకి ఆ చుక్కని మళ్లీ పెద్దది చేస్తుంది. న్యూస్‌ప్రింటు మీద ఇంకు పీల్చుకుంటుందని లెక్క వేసి సన్నగా పెట్టడం మీకు అలవాటే కదా.

కంపోజింగ్ బాబాయ్ (తెనాలి)

అయిదు వారాల తర్వాత మళ్లీ వస్తున్నాను. అడిగి మాయమయ్యాడని అనుకోకండి, మూఢం వెళ్లిపోయింది, శుభలేఖల సీజను.

షాపువాళ్లకి ప్రూఫు, కీ పక్కపక్కన పెట్టి పంపాను. ఇరవై మూడు కీలు గుర్తుపెట్టి, లూప్ మీద ఫోను ఆనించి తీసిన ఫొటోలతో. రెండు రోజులు పలకలేదు. మూడో రోజు ఒకాయన ఫోన్ చేసి, హిందీలో, “ఆ చుక్క లేకపోతే వేరే అక్షరమా?” అనడిగాడు. అవునన్నాను. అలా అయితే ముందే చెప్పాలి కదా అన్నాడు. ఆయనకి అప్పటిదాకా అది ప్రింటులో పడిన మరక అనిపించిందట. వాళ్లే ఒక కుర్రాడితో ‘థ’లో చుక్కని ఫైలులోనే చెరిపించారేమో అని నాకు ఇప్పటికీ అనుమానం. ప్రూఫులో అయితే ఉంది.

చివరికి, ఫైలు నేను పంపితే సెట్టు మొత్తం మళ్లీ వేస్తామన్నారు, వెయ్యి రూపాయలు కట్టమన్నారు. నా పద్దులో తప్పులున్నాయి కాబట్టి బేరం చెయ్యకుండా కట్టాను.

ఫైలు మూడు రాత్రులు పట్టింది. అసలు సైజులో ప్రింటు తీసి, కత్తిరించి, ఉడకబెట్టిన మెతుకుతో పాత కీల మీద అతికించాం. మేష్టారొకాయన వచ్చి కూర్చుని, కళ్లజోడు పైకెత్తి, ‘ఱ’ బాగుందయ్యా, దీన్ని చూసి ఎన్నాళ్లయింది అన్నారు. ‘ఘ’ని మాత్రం ‘ఝు’ అన్నారు. అది సరిచేశాను.

కొత్త సెట్టు సోమవారం వచ్చింది. ‘ఠ’లో చుక్క కనబడుతోంది. లూప్ లేకుండా, ట్యూబులైటు వెలుతురులో, కుర్చీలోంచి. ‘థ’ కూడా. క్ష కలిసింది. చుక్కల సున్నాలు తీసేశాను గానీ, ‘ి’ ఒక్కటే గాల్లో వేలాడుతుంటే మేష్టారికి అర్థం కాలేదు, ఇంకోసారి చేస్తే సున్నాని లేత బూడిద రంగులో పెడతానేమో. వరస నూటికి తొంభై పాళ్లు కుదిరింది. ‘వ’ ఇంకా కొంచెం ఒరిగే ఉంది.

మా షాపు అమ్మాయి కొత్త కీలు చూసి బాగున్నాయంది. అన్నాక తెర వైపు తిరిగి, కిందికి చూడకుండా పేజీ కొట్టేసింది. ఈ అయిదు వారాల్లో పాత కీలతోనే నేర్చేసుకుంది. ఖాళీ కీ గారు ఎక్కడున్నా నవ్వుకోవచ్చు. ఇప్పుడు కిందికి చూసి కొట్టేది మేష్టార్లు, నేను.

ఫైలు కావాలంటే చెప్పండి, ఇంక్‌స్కేప్‌లో ఉంది, మొత్తం కర్వ్స్. వాడేముందు 8 కీ ఒక్కటి సరిచూసుకోండి. ‘శ్ర’కి క్రావడి అంచుకి మరీ దగ్గరగా పెట్టాను, తోక తెగింది. ఒక మిల్లీమీటరు పైకి జరపాలి.